హింసకు గురైనవారి కోసం ట్రామా సేవా కేంద్రాన్ని నడపడం ఎలా?

ట్రామా అంటే హింస వంటి అనుభవం మనసుకు చేసే గాయం. హింసకు గురైనవారికి మానసిక సాయం అందించే కేంద్రాల బాధ్యత చూసేవారు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతుంటారు. “మా కౌన్సెలర్లు శిక్షణ పొందినవారే, మాటతీరు కూడా మంచిదే, అయినా ఒకసారి వచ్చినవారిలో చాలామంది మళ్ళీ రావడం లేదు. పొరపాటు ఎక్కడుంది?” చాలాసార్లు ఆ పొరపాటు కౌన్సెలింగ్ గదిలో కనిపించదు. ఫోన్ ఎత్తి మాట్లాడిన తీరులోనో, ఫారంలో ప్రశ్నలు పేర్చిన వరుసలోనో, జరిగినదాన్ని ముగ్గురికి మూడుసార్లు చెప్పించే అలవాటులోనో, అలసిపోయిన సిబ్బంది గోడు ఎవరూ వినకపోవడంలోనో అది ఉంటుంది. వీటిని సరిదిద్దడం కౌన్సెలర్ వల్ల కాదు, కేంద్రాన్ని నడిపేవారే చేయాలి. అందుకే ఈ సూచనలు చికిత్స చేసేవారి కోసం కాక, సేవను నడిపే మీ కోసం రాసినవి.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో స్థిరంగా పెట్టుకోండి. హింస ఎదుటి మనిషి నుంచి మొట్టమొదట లాక్కునేది తన గురించి తాను నిర్ణయించుకునే అధికారాన్ని. ఎవరితో మాట్లాడాలి, ఎప్పుడు మాట్లాడాలి, ఎంత చెప్పాలి, ఎక్కడ కూర్చోవాలి అనే చిన్న నిర్ణయాలు కూడా అందులో భాగమే. మీరు పెట్టే ప్రతి నియమాన్నీ దీంతోనే పరీక్షించండి: ఇది ఆ అధికారాన్ని వచ్చిన వ్యక్తికి తిరిగి అప్పగిస్తోందా, లేక మంచి ఉద్దేశంతోనే అయినా మళ్ళీ తీసేసుకుంటోందా?

ముందుగా సమకూర్చుకోవలసినవి

లోపలి మాట బయటికి వినపడని గది కావాలి. అందులో కుర్చీలు తలుపుకూ వచ్చిన వ్యక్తికీ మధ్య ఎవరూ అడ్డు ఉండని విధంగా వేయాలి. తలుపు లోపలి నుంచి సులువుగా తెరుచుకోవాలి. వేచి ఉండేచోటు వీధిలోంచి కనిపించకూడదు.

మనుషుల విషయంలో, ట్రామా చికిత్సలో శిక్షణ పొందిన కనీసం ఒక నిపుణుడు లేదా నిపుణురాలు, వైద్యం, న్యాయం, వసతి వంటి అవసరాలు చూసే కేస్ వర్కర్, మీ కేంద్రంలో ఉద్యోగి కాని, కౌన్సెలర్లతో క్రమంగా కూర్చుని వారి కేసుల గురించీ వారి మీద పడే భారం గురించీ మాట్లాడే సూపర్‌వైజర్ ఉండాలి. దుబాసీ అవసరమైతే బయటివారై ఉండాలి. కుటుంబ సభ్యులను, ముఖ్యంగా పిల్లలను దుబాసీలుగా ఎన్నడూ వాడకండి.

కాగితాల విషయానికొస్తే సమ్మతి పత్రం, గోప్యత నియమాలు, భద్రతా ప్రణాళిక నమూనా, రిఫరల్ జాబితా (ఇతర సాయాల కోసం పంపగల సంస్థల జాబితా) ఉంటే మొదలుపెట్టవచ్చు. రిఫరల్ జాబితాలో సంస్థ పేరు ఒక్కటే ఉంటే సరిపోదు. అక్కడ ఫోన్ ఎత్తే వ్యక్తి హోదా, పనివేళలు, ఎవరిని తీసుకోరు అనే సంగతి కూడా రాసి ఉండాలి. తాళం వేసే బీరువా, పాస్‌వర్డ్ ఉన్న కంప్యూటర్ కావాలి. సూపర్‌విజన్‌కూ సిబ్బంది సెలవులకూ బడ్జెట్‌లో వేరుగా డబ్బు కేటాయించాలి. ఆ డబ్బును మొదటి ఏడాది పొదుపు కింద కోసేసిన కేంద్రాలు రెండో ఏడాది సిబ్బందిని వెతుక్కోవలసి వస్తుంది.

1. మీరు ఎవరికి, ఏ మేరకు సాయం చేయగలరో రాసి పెట్టండి

ఒక్క పేజీ చాలు. ఏ వయసువారిని తీసుకుంటారు, పురుషులు వస్తే ఎవరు చూస్తారు, పిల్లలు వస్తే ఎక్కడికి పంపుతారు, రాత్రివేళ ఫోన్ ఎవరు ఎత్తుతారు అన్నవి అందులో ఉండాలి. చేయలేని పనులు కూడా అంతే స్పష్టంగా రాయండి. వసతి ఇవ్వలేని కేంద్రం ఆ మాట మొదటి ఫోన్‌లోనే చెప్పాలి. ఆశపెట్టి చివర్లో కాదనడం, ఇప్పటికే నమ్మకం దెబ్బతిన్న మనిషికి మరో దెబ్బ అవుతుంది.

సిద్ధాంతం ఇక్కడ కొంచెమే అవసరం. అమెరికా మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో కోలుకునే మార్గాన్ని మూడు దశలుగా వివరించారు. మొదట భద్రత, తరువాత జరిగినదాన్ని గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆపైన తిరిగి జీవితంతోనూ మనుషులతోనూ కలవడం. మనుషులు ఈ దశల్లో ముందుకు వెళ్తారు, మళ్ళీ వెనక్కి వస్తారు. మీ కేంద్రం ఏ దశలో ఏం ఇస్తుందో చెప్పగలిగితే సిబ్బందికి సగం తికమక తగ్గుతుంది.

2. మొదటి ఫోన్ కాల్‌ను చక్కదిద్దండి

కేంద్రంలో అందరికన్నా తక్కువ శిక్షణ పొందేది సాధారణంగా ఫోన్ ఎత్తే వ్యక్తి. వచ్చేవారికి మొదట ఎదురయ్యేది మాత్రం ఆ వ్యక్తే. కాబట్టి శిక్షణను అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఫోన్ ఎత్తగానే అడగవలసిన మొదటి ప్రశ్న “ఏం జరిగింది?” కాదు. “మీరు ఇప్పుడు మాట్లాడటానికి వీలుగా, క్షేమంగా ఉన్నారా?” అని అడగాలి. లేదంటే, ఎప్పుడు వీలవుతుందో వారినే చెప్పమనాలి. రెండో ప్రశ్న, “ఫోన్ మధ్యలో ఆగిపోతే మేము తిరిగి చేయవచ్చా? చేస్తే వేరెవరైనా ఎత్తే అవకాశం ఉందా?” అన్నది. దీనికి జవాబు రాసుకోకుండా తిరిగి ఫోన్ చేయకూడదు.

హెచ్చరిక: అపాయింట్‌మెంట్ గుర్తుచేసే ఎస్సెమ్మెస్‌లను అందరికీ తమంతట తామే వెళ్ళేలా పెట్టకండి. హింసించే వ్యక్తి ఆ ఫోన్ చూస్తుంటే ఆ సందేశమే ప్రమాదం తెస్తుంది. సందేశం పంపవచ్చా, పంపితే అందులో కేంద్రం పేరు ఉండవచ్చా అని ప్రతి వ్యక్తినీ విడిగా అడిగి ఫైలు మొదటి పేజీలో రాయండి. బయటికి వెళ్ళే కాల్స్‌లో నంబరు, పేరు ఎలా కనిపిస్తున్నాయో మీ ఫోన్‌లోనే ఒకసారి పరీక్షించి చూసుకోండి.

రిసెప్షన్ దగ్గర గట్టిగా పేరు పిలవకూడదు. వచ్చిన కారణం ఇతరుల ముందు అడగకూడదు. సంతకాల రిజిస్టరులో ముందు వచ్చినవారి పేర్లు కనిపించకూడదు. ఈ మూడింటిలో రిజిస్టరు సంగతే ఎక్కువ కేంద్రాల్లో ఎవరి దృష్టికీ రాదు.

3. జరిగినదాన్ని ఒక్కసారే చెప్పించుకోండి, అదీ అవసరమైనంతే

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన దశ ఇది. ఒక మామూలు దృశ్యం చూడండి. వచ్చిన వ్యక్తి రిసెప్షన్‌లో కొంత చెబుతారు, కేస్ వర్కర్ ఫారం నింపుతూ మొదటి నుంచి చెప్పమంటారు, డాక్టర్ మళ్ళీ అడుగుతారు, కౌన్సెలర్ “మీ మాటల్లోనే వినాలని ఉంది” అంటారు. నాలుగోసారి చెప్పేటప్పటికి ఆ వ్యక్తి గొంతులో స్వరం ఉండదు, లేదా చేతులు వణుకుతుంటాయి, మరుసటి వారం రారు. నలుగురిలో ఎవరూ తప్పు చేయలేదు. నలుగురి మధ్యా మార్గం వేయవలసిన బాధ్యత మీది.

ముందు ఫారాన్ని మూడు ముక్కలు చేయండి. మొదటి భేటీలో భద్రతకూ, వైద్యానికీ, సమ్మతికీ సంబంధించిన ప్రశ్నలే ఉండాలి. రెండో ముక్కలో ప్రస్తుత లక్షణాలు, నిద్ర, తిండి, ఆత్మహత్య ఆలోచనలు, తోడుగా ఉన్న మనుషులు వస్తాయి. హింస వివరాలు మూడో ముక్కలో, చికిత్సకు వ్యక్తి సిద్ధపడ్డాక, చికిత్స చేసే మనిషితోనే వస్తాయి. మొదటి రోజున మీకు తెలియవలసింది ఏ రకమైన హింస, ఎవరి నుంచి, చివరిసారి ఎప్పుడు అన్నంత వరకే. ఎలా జరిగిందన్నది మొదటి రోజు అడగవలసిన ప్రశ్న కాదు.

ఆ తరువాత సమాచారం ఒకరి నుంచి ఒకరికి చేరే పద్ధతి పెట్టండి. వ్యక్తి అనుమతిస్తే కేస్ వర్కర్ ఒక చిన్న సారాంశం రాసి, దాన్ని ఆ వ్యక్తికే చదివి వినిపించి, తప్పులుంటే దిద్ది, తరువాతి మనిషికి అందించాలి. చదివి వినిపించే పనిని వదిలేయకండి. తన గురించి ఏం రాశారో తెలిసిన మనిషికి ఆ కాగితం అంటే భయం ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో వైద్య సిబ్బంది కోసం ఇచ్చిన చేతిపుస్తకం మొదటి సాయాన్ని ఐదు పనులుగా చెప్పింది: శ్రద్ధగా వినడం, అవసరాలు అడిగి తెలుసుకోవడం, నమ్ముతున్నామని, అర్థం చేసుకున్నామని తెలియజేయడం, భద్రత పెంచడం, ఇతర సాయాలతో కలపడం. సిబ్బందికి ఈ ఐదూ వరుసగా గుర్తుంటే మొదటి భేటీ దారి తప్పదు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. “ఎందుకు అరవలేదు?”, “ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారు?” అని “ఎందుకు”తో మొదలయ్యే ప్రశ్నలు ఏ ఉద్దేశంతో అడిగినా నిందలాగే వినపడతాయి. తీవ్ర భయంలో శరీరం బిగుసుకుపోవడం, గొంతు పెగలకపోవడం మనిషి ఎంచుకుని చేసే పని కాదు. అలాగే, చెప్పే సంగతుల వరుస తప్పడం, తేదీలు గుర్తులేకపోవడం, నిన్న చెప్పనిది ఇవాళ చెప్పడం అబద్ధానికి గుర్తు కాదు. భయంలో నమోదైన జ్ఞాపకం తరచుగా ముక్కలు ముక్కలుగానే బయటికి వస్తుంది. “పొంతన లేదు” అని ఫైలులో రాసే సిబ్బందికి ఈ సంగతి మళ్ళీ చెప్పండి. ఆ ఒక్క మాట రేపు ఎవరి చేతిలో పడి ఎలా వాడబడుతుందో తెలియదు.

ప్రత్యామ్నాయం: మాట్లాడలేని స్థితిలో ఉన్నవారికి రాసి ఇవ్వమనండి, లేదా ప్రశ్నలకు తల ఊపి జవాబివ్వవచ్చని చెప్పండి. ఏ ప్రశ్ననైనా దాటవేయవచ్చని ముందే చెప్పి, మొదటి దాటవేతను నిజంగానే గౌరవించండి. చెప్పిన మాట నిలబడుతుందో లేదో వారు అక్కడే గమనిస్తారు.

4. భద్రతను, గడువు ఉన్న వైద్యాన్ని ముందుగా చూడండి

కొన్ని పనులు రేపటికి వాయిదా వేయడానికి వీల్లేనివి. లైంగిక హింస జరిగి ఉంటే హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల లోపు మొదలుపెట్టాలి. అత్యవసర గర్భనిరోధకం 5 రోజుల లోపు పనిచేస్తుంది గానీ, ఎంత ముందు తీసుకుంటే అంత ఫలితం. ఈ రెండు గడువులూ ఫోన్ పక్కనే రాసి అంటించి ఉండాలి. శరీర పరీక్ష చేయించుకోవాలా వద్దా, ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అనే నిర్ణయాలు మాత్రం ఆ వ్యక్తివే. ఫిర్యాదు ఇస్తేనే వైద్యం అందుతుందనే భావన కలగనివ్వకండి. చట్టప్రకారం మీరు తప్పక తెలియజేయవలసిన సందర్భాలు ఏవో, ఆ వ్యక్తి మాట్లాడటం మొదలుపెట్టక ముందే చెప్పాలి. అన్నీ చెప్పాక చెబితే అది నమ్మకద్రోహం అవుతుంది.

గొంతు నులిమిన సందర్భం ఉందా అని ప్రతి ఒక్కరినీ విడిగా అడగండి, ఎందుకంటే చాలామంది దాన్ని తమంతట తాము చెప్పరు. బయటికి గుర్తు లేకపోయినా మెడలోని రక్తనాళాలకు గాయమై కొన్ని రోజుల తరువాత పక్షవాతం వచ్చే అవకాశం ఉంది. జీవిత భాగస్వామే గొంతు నులిమితే, అది ముందుముందు ప్రాణహాని జరగవచ్చనే బలమైన సూచన కూడా. గొంతు మారడం, మింగలేకపోవడం, స్పృహ తప్పడం, తలతిరగడం వంటివి ఉంటే అదే రోజు ఆసుపత్రికి పంపాలి.

భాగస్వామి హింసలో ప్రాణాపాయాన్ని అంచనా వేయడానికి నర్సింగ్ పరిశోధకురాలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ రూపొందించిన 20 ప్రశ్నల పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. ఏ పద్ధతి వాడినా ఇంటి నుంచి వెళ్ళిపోయే సమయం, వెళ్ళిన కొత్తలో ప్రమాదం పెరుగుతుందని సిబ్బంది మరవకూడదు. అందుకే “వెంటనే వచ్చేయండి” అని తొందరపెట్టడం సాయం కాదు. ఎప్పుడు, ఏ దారిన, ఏ కాగితాలతో, ఎవరి ఇంటికి అన్నది కలిసి ఆలోచించి రాసుకున్నాకే అది సాయం అవుతుంది. భద్రతా ప్రణాళికలో ఫోన్ గురించి ఒక భాగం ఉండాలి: లొకేషన్ ఎవరికి కనిపిస్తోంది, పాస్‌వర్డ్‌లు ఎవరికి తెలుసు, పిల్లల ఫోన్‌లో ఏముంది అన్నవి చూడాలి. ఫోన్‌లో నిఘా యాప్ ఉందని అనుమానం వచ్చినా వెంటనే తీసేయమనకండి. అది పోయిన సంగతి హింసించే వ్యక్తికి తెలిసిపోతుంది. ముందు వేరే ఫోన్ ఏర్పాటు చూడాలి.

ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడగమని సిబ్బందికి చెప్పండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుడుతుందనే భయం నిరాధారం. అడిగాక ఏం చేయాలో మాత్రం ముందే రాసి ఉండాలి. ఎవరిని పిలవాలి, ఒంటరిగా వదలకుండా ఎవరు ఉండాలి, ఏ ఆసుపత్రికి వెళ్ళాలి అనేవి ఆ క్షణంలో వెతుక్కునే విషయాలు కావు.

5. చికిత్సను సరైన సమయంలో, వ్యక్తి ఎంపికతో మొదలుపెట్టండి

సంఘటన జరిగిన తొలి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, పదే పదే గుర్తుకు రావడం చాలామందిలో ఉంటాయి. ఎక్కువమందిలో అవి క్రమంగా తగ్గుతాయి. ట్రామా అనంతర ఒత్తిడి రుగ్మత అనే నిర్ధారణకు లక్షణాలు నెలకు మించి కొనసాగాలి. కాబట్టి తొలి వారాల్లో క్షేమం, నిద్ర, తోడు, సమాచారం ముఖ్యం. ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి జరిగినదంతా ఒకేసారి వెళ్ళగక్కించే ‘డీబ్రీఫింగ్’ పద్ధతిని వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. తొలి నెలలో ఈ లక్షణాల కోసం పెద్దలకు బెంజోడయాజెపిన్ రకం మందులు (ఆందోళన తగ్గించి నిద్ర తెప్పించేవి) ఇవ్వవద్దని కూడా ఆ సంస్థ అదే ఏడాది చెప్పింది. “ఏడిస్తే బరువు దిగుతుంది, అంతా చెప్పేయండి” అనే సలహా ఎంత ప్రేమతో ఇచ్చినా ఈ కారణంగానే ఆపాలి.

విరిగిన ఎముకను ముందు కదలకుండా కట్టి, ఆ తరువాతే నడిపించినట్టు, జ్ఞాపకాల మీద పని చేయడానికి ముందు వ్యక్తి వర్తమానంలో నిలబడగలగాలి. జ్ఞాపకం ముంచెత్తినప్పుడు పాదాలు నేలకు ఆనించి, కనిపించే ఐదు వస్తువులు, ముట్టుకోగల నాలుగు, వినిపించే మూడు శబ్దాలు అంటూ చెప్పుకునే అభ్యాసాన్ని కౌన్సెలర్లతో పాటు రిసెప్షన్‌లోని వారికీ నేర్పండి. శ్వాస మీద దృష్టి పెట్టమనడం, కళ్ళు మూసుకోమనడం కొందరికి భయాన్ని పెంచుతుంది, ముఖ్యంగా గొంతు నులిమిన అనుభవం ఉన్నవారికి. వారికి కళ్ళు తెరిచే ఉంచి, చల్లని వస్తువేదైనా చేతిలో పట్టుకునే పద్ధతి నయం. అయితే ఈ సన్నాహాన్ని నెలల తరబడి సాగదీయడం కూడా పొరపాటే. వ్యక్తి సిద్ధంగా ఉన్నా, వినడానికి కౌన్సెలర్ భయపడి వాయిదా వేస్తుంటే, ఆ సంగతి సూపర్‌విజన్‌లో బయటపడాలి.

చికిత్సల్లో ఆధారాలు బలంగా ఉన్నవి కొన్నే. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సాధారణంగా 12 సెషన్లు ఉంటుంది, అందులో “తప్పు నాదే” వంటి నమ్మకాలను పరీక్షించడమే ప్రధానం. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ సుమారు 8 నుంచి 15 సెషన్లు సాగుతుంది, అందులో తప్పించుకు తిరిగే జ్ఞాపకాలను, చోట్లను క్రమంగా ఎదుర్కొంటారు. ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్ళను అటూ ఇటూ కదిలిస్తారు, హింస వివరాలన్నీ నోటితో చెప్పనవసరం లేదు కాబట్టి చెప్పడానికి ఇష్టపడనివారు దీన్ని ఎంచుకోవచ్చు. పిల్లలకు, తోడున్న సంరక్షకులతో కలిపి చేసే ట్రామా కేంద్రిత సీబీటీ (ఆలోచనల మీద, ప్రవర్తన మీద పనిచేసే చికిత్స) వేరుగా ఉంది. మీ దగ్గర ఏది ఉంటే అదే అందరికీ అంటగట్టకుండా, ఉన్నవాటిని ఒక పేజీలో తేలిక మాటల్లో రాసి, వచ్చిన వ్యక్తి ముందు పెట్టి ఎంచుకోమనండి.

నిపుణులు దొరకని చోట సేవ ఆపవలసిన పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్’ను శిక్షణ, సూపర్‌విజన్ ఉంటే నిపుణులు కానివారు కూడా వారానికొకటి చొప్పున ఐదు సెషన్లలో చేయగలరు. అది బాధను, దిగులును తగ్గించే పద్ధతి మాత్రమే. ఆత్మహత్యకు సిద్ధపడినవారిని, తీవ్ర మానసిక రుగ్మత ఉన్నవారిని దాని కింద పెట్టకూడదు. దీర్ఘకాలం పదే పదే హింసను అనుభవించినవారిలో తమ మీద తమకు అసహ్యం, భావోద్వేగాల అదుపు తప్పడం, మనుషుల దగ్గర నిలవలేకపోవడం కూడా కలిసి ఉండవచ్చు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ రోగ వర్గీకరణ 11వ కూర్పు దీన్ని సంక్లిష్ట ట్రామా అనంతర ఒత్తిడి రుగ్మతగా విడిగా గుర్తించింది. వీరికి ఎక్కువ కాలం పడుతుందని ముందే లెక్కలో పెట్టుకోండి, సెషన్ల సంఖ్యకు కఠినమైన పరిమితి పెట్టకండి.

6. సిబ్బందిని కాపాడండి

రోజంతా హింస గురించి వినేవారి నిద్రలోకి, ఇంట్లోకి, మనుషుల మీద నమ్మకంలోకి అది చేరుతుంది. దీన్ని 1990లో మెక్‌కాన్, పెర్ల్‌మన్ పరోక్ష ట్రామాగా వర్ణించారు. ఇది బలహీనత కాదు, ఈ పనిలో ఉండే ప్రమాదం. ప్రమాదం పనిలో ఉన్నప్పుడు దానికి పరిష్కారం కూడా పని పద్ధతిలోనే వెతకాలి. “మీరు బాగా విశ్రాంతి తీసుకోండి” అని చెప్పి, అదే రోజు తీవ్రమైన మూడు కొత్త కేసులు అప్పగించే నాయకత్వం ఆ మాటకు ఉన్న విలువను తానే తీసేస్తుంది.

కేసులు పంచేటప్పుడు సంఖ్యను ఒక్కదాన్నే చూడకండి. ఒకే మనిషి దగ్గరికి పిల్లల లైంగిక హింస కేసులే వరుసగా చేరుతున్నాయా, కోర్టు వాయిదాలన్నీ ఒకే వారంలో పడుతున్నాయా అన్నది చూడండి. సూపర్‌విజన్ క్రమంగా, ఏ కారణంతోనూ రద్దు కాకుండా జరగాలి. సూపర్‌విజన్ చేసే వ్యక్తే జీతం పెంపును, సెలవును నిర్ణయించే వ్యక్తి కాకూడదు, ఎందుకంటే అలా ఉంటే ఎవరూ తమ భయాన్ని నిజంగా చెప్పరు. కష్టమైన సెషన్ తరువాత పదిహేను నిమిషాలు ఖాళీ ఉండేలా టైంటేబుల్ వేయండి.

సిబ్బందిలో తామే హింసను అనుభవించినవారు ఉండవచ్చు. వారి అనుభవం సేవకు బలం. అయితే దాన్ని బయటపెట్టాలా వద్దా అన్నది వారి ఇష్టం. విరాళాల సభల్లో వారిని నిలబెట్టి మాట్లాడమనడం, అడిగితే కాదనలేని స్థితిలో అడగడం, ఈ కేంద్రం ఎవరి పక్షాన నిలవాలో వారినే గాయపరచడం. సేవ పొందుతున్నవారి విషయంలో ఇది మరింత కచ్చితంగా పాటించాలి. చికిత్స నడుస్తుండగా ఎవరి కథనూ ప్రచారానికి అడగకండి.

గమనించవలసిన గుర్తులు: ఎప్పుడూ ఓపికగా ఉండే కౌన్సెలర్ వచ్చినవారి మీద విసుక్కోవడం, ఫైళ్ళు రాయడం ఆలస్యం చేయడం, ఒకే రకం కేసులను తప్పించుకోవడం, లేదా అందుకు పూర్తిగా విరుద్ధంగా సెలవు రోజున కూడా తన సొంత ఫోన్‌లో వచ్చినవారితో మాట్లాడుతూ ఉండటం. చివరిదాన్ని అంకితభావంగా మెచ్చుకోవడం నాయకులు చేసే పెద్ద పొరపాటు.

7. రికార్డులు తక్కువ రాయండి, జాగ్రత్తగా దాచండి

అవసరమైనదే రాయాలి. వ్యక్తి చెప్పింది, మీరు చూసింది, మీరు చేసింది వేర్వేరుగా రాయాలి. అభిప్రాయాలు వద్దు. ఏ ఇతర సంస్థకు ఏ సమాచారం ఇవ్వడానికైనా విడిగా, ఆ పనికి మాత్రమే వర్తించే రాతపూర్వక సమ్మతి తీసుకోండి. అన్నిటికీ కలిపి మొదటి రోజే తీసుకునే ఒక సంతకం సమ్మతి కాదు. సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని ఆ కాగితంలోనే ఉండాలి. సిబ్బంది వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు, ఫొటోలు, ఊళ్ళు వద్దు.

8. ఫలితాన్ని సరిచూసుకోండి

సేవ పనిచేస్తోందా అన్నది ఎంతమంది వచ్చారన్న సంఖ్యతో తేలదు. నాలుగు విధాలుగా చూడండి.

మొదటిది, ఎక్కడ ఆగిపోతున్నారు? ఫోన్ చేసినవారిలో ఎందరు వచ్చారు, వచ్చినవారిలో ఎందరు రెండోసారి వచ్చారు, చికిత్స మొదలుపెట్టినవారిలో ఎందరు పూర్తి చేశారు అని మూడు మెట్లుగా ప్రతి నెలా లెక్కించండి. మొదటి మెట్టులో పడిపోతే పైన చెప్పిన 2వ సూచనను (మొదటి ఫోన్ కాల్), రెండో మెట్టులో పడిపోతే 3వ సూచనను (ఒక్కసారే చెప్పించుకోవడం) మళ్ళీ పరిశీలించండి. మూడో మెట్టులో పడిపోతే రవాణా, పనివేళలు, పిల్లలను చూసుకునేవారు లేకపోవడం వంటి కారణాలను మొదట వెతకండి. “వారికి ఆసక్తి లేదు” అన్నది అన్నిటికన్నా చివర ఆలోచించవలసిన కారణం.

రెండోది, లక్షణాలు తగ్గుతున్నాయా? ట్రామా అనంతర ఒత్తిడి లక్షణాలను కొలిచే పీసీఎల్-5 అనే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలు, మొత్తం 80 మార్కులు ఉంటాయి. 31 నుంచి 33 మధ్య లేదా అంతకన్నా ఎక్కువ వస్తే రుగ్మత ఉండే అవకాశం ఉందని వివరంగా పరిశీలించాలి. చికిత్సలో కనీసం 10 మార్కుల తగ్గుదల కనిపిస్తే అది చెప్పుకోదగ్గ మార్పు. దిగులును కొలవడానికి ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 వాడవచ్చు. అందులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపించే ఆలోచనల గురించినది కాబట్టి, ఆ జవాబును వ్యక్తి వెళ్ళిపోకముందే చూడాలి. నింపిన కాగితాలను సాయంత్రం ఒకేసారి కట్టగట్టి చూడటం ప్రమాదకరమైన అలవాటు. మధ్యలో కొన్ని వారాలు మార్కులు కాస్త పెరిగినా కంగారుపడకండి. చూడకుండా వదిలేసిన జ్ఞాపకాలను చూడటం మొదలైనప్పుడు అలా జరగవచ్చు. పెరుగుదల ఆగకుండా సాగితే మాత్రం చికిత్స పద్ధతినీ, ఇంట్లో హింస ఇంకా కొనసాగుతోందా అన్నదాన్నీ రెండింటినీ చూడాలి. రెండోదాన్ని అడగడం మరిచిపోవడం ఆశ్చర్యకరంగా ఎక్కువ.

మూడోది, వచ్చినవారు ఏమంటున్నారు? వారి కౌన్సెలర్ కాని వ్యక్తి, పేరు రాయనవసరం లేకుండా మూడు ప్రశ్నలు అడగాలి. ఇక్కడ మీ మాట నమ్మారని అనిపించిందా? మీకు ఇష్టం లేనిది ఏదైనా చేయవలసి వచ్చిందా? ఒకే సంగతిని ఎందరికి చెప్పవలసి వచ్చింది? మూడో ప్రశ్నకు సగటు ఒకటిని మించి ఎంత పెరిగితే మీకు అంత పని మిగిలి ఉన్నట్టు. వచ్చిన ఫిర్యాదు మీద ఏం మార్చారో వేచి ఉండే గదిలో రాసి పెట్టండి.

నాలుగోది, ఫైళ్ళను తీసి చదవడం. నెలకోసారి కొన్నిటిని ముందుగా చెప్పకుండా తీయండి. సురక్షితంగా ఫోన్ చేసే సమయం మొదటి పేజీలో ఉందా? గొంతు నులమడం గురించి అడిగినట్టు ఉందా? భద్రతా ప్రణాళిక మీద తేదీ ఎప్పటిది? పరిస్థితి మారినా ప్రణాళిక మారలేదంటే అది ఎవరికీ పనికిరాదు. ఫోన్ సేవను కూడా సిబ్బందికి ముందే చెప్పి, తెలిసినవారి చేత కాల్ చేయించి చూడండి. ఎత్తిన వ్యక్తిని పట్టుకోవడానికి కాదు, ఎన్ని రింగులు మోగాయి, మొదటి ప్రశ్న ఏది వచ్చింది, కాల్‌ను ఎన్నిసార్లు మరొకరికి మార్చారు అన్నవి చూడటానికి.

ఈ నాలుగింటి ఫలితాలను సిబ్బందితో కలిసి చదవండి. ఒక్కో నెలకు ఒక్క మార్పే తీసుకోండి. ఏ రోజు నుంచి, ఎవరు చేస్తారో రాసుకుని, తరువాతి నెల లెక్కలతో దాన్నే సరిచూడండి. ఏది మొదట మార్చాలో తేల్చుకోలేకపోతే, రెండోసారి రానివారిలో ముందుగా అనుమతి ఇచ్చినవారికి మాత్రమే, వారు చెప్పిన సురక్షిత సమయంలో ఫోన్ చేసి, తిరిగి రమ్మని ఒత్తిడి చేయకుండా, ఇక్కడ ఏది కష్టంగా అనిపించిందో అడగండి. వారు మొదట చెప్పినదాన్నే మొదట మార్చండి.